చలిమిడి గంప మొదలు డాల్డా డబ్బా వరకు

ఇంట వండిన పదార్థమును పొరుగింటికో పొరుగూరికో పంపుట మన తెలుగునాట దానమును గాదు, బేరమును గాదు. బంధుత్వమును నిలుపుకొను ఆచారముగా అది తరతరములుగా సాగుచు వచ్చినది. వండిన వంటలను గూర్చి మన కవులును వ్యాసకర్తలును విస్తారముగా వ్రాసియున్నారు గాని, ఆ వంటను దేనిలో నుంచిరి, దేనితో మూసిరి, దేనితో కట్టిరి అను సంగతిని విచారించినవారు అరుదు. 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించిన సురవరం ప్రతాపరెడ్డిగారు, రాజుల జయాపజయములకన్న ప్రజల తిండియు బట్టయు ఆటపాటలును చరిత్రకు యోగ్యమైన వస్తువులని చూపిరి, ఆ త్రోవనే ఇంకొక అడుగు వేసి, ఆ తిండిని మోసిన ఆకును, గంపను, డబ్బాను కూడ చరిత్రలో చేర్చుకొనవలెనని నా అభిప్రాయము.

ఆహారమును కానుకగా మోసికొనిపోయిన కథలలో మనకెల్ల పరిచితమైనది కుచేలునిది. భాగవత దశమస్కంధమున ఆ పేద బ్రాహ్మణుడు ద్వారకకు బయలుదేరునపుడు అతని ఇల్లాలు ఇరుగుపొరుగుల నడిగి నాలుగు పిడికిళ్ళ అటుకులు తెచ్చి, చినిగిన గుడ్డలో ముడిచి యిచ్చినది. పోతన మహాకవి తెనిగించిన ఆ ఉపాఖ్యానమును వినువారు, కృష్ణుడు ఆ మూటను తానే లాగికొని పిడికెడు అటుకులు ఆరగించిన చోట పరవశులగుదురు, రెండవ పిడికిటికి రుక్మిణి అడ్డుపడిన చోట విస్మయపడుదురు. నా చూపు మాత్రము ఆ చినిగిన గుడ్డమీదనే నిలుచును. అటుకులు పొడివి, తేలికవి, కొన్ని దినములు నడచినను చెడనివి. కుండలో పోసినచో కుండయే బరువగును, ఆకులో కట్టినచో ఆకు దారిలో ఎండి చిట్లును. వానికి గుడ్డయే తగినది. చేత కాసు లేని ఆ ఇల్లాలు చేసిన ఎంపిక, సిరిసంపదలు గల ఇల్లాలు చేయగల ఎంపికకు ఏమాత్రమును తీసిపోదు.

ఆనాటినుండి మన ఇండ్లలో వాడుకకు వచ్చిన కట్టుబడులన్నింటిని పరికించినచో అవి రెండు తెగలుగా తోచును: పోయిన చోటనే మట్టిలో కలిసిపోవునవి, పోయిన దారినే తిరిగి ఇల్లు చేరునవి. ఆకులు, దొన్నెలు, అరటినారలు మొదటి తెగ. గంపలు, కుండలు, ఇత్తడి గిన్నెలు, క్యారేజీలు రెండవ తెగ. మొదటిది పుచ్చుకొన్నవారిపై ఏ భారమును మోపదు. రెండవది తీయని ఋణమొకటి మోపును. పొరుగింటినుండి వచ్చిన గిన్నెను వట్టిగా పంపరాదన్న నియమము నేటికిని పెక్కు ఇండ్లలో కలదు. ఆ నాడు ఇంట ఏమియు వండకున్నను, చారెడు బియ్యమో, చెంచాడు పంచదారయో, చిన్న బెల్లపుముక్కయో, ఏదియు లేనిచో రెండు పూలో వేసి పంపుదురు. ఈ నియమమువలన గిన్నె యెప్పుడును ఒక ఇంటినుండి వేరొక ఇంటికి నడచుచునే యుండెడిది. అది ఎవరిదో మరపునకు రాకుండుటకై దానిపై ఇంటివారి పేరును పోగరతో చెక్కించెడివారు. మన అటకలమీది పాత ఇత్తడి సామానుపై నిలిచియున్న ఆ పొడి అక్షరములలో ఒక పేటలోని రాకపోకలన్నియు ఇమిడియున్నవి.

ఆకుల సంగతి విస్తరించి చెప్పదగినది. తూర్పు కనుమల అడవులలో చెట్లమీద దట్టముగా ప్రాకెడు అడ్డతీగ ఆకు, నడుమ చీలికతో, అరచేతికి రెండింతలు మూడింతలు వెడల్పున పెరుగును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల మన్యమున గిరిజన స్త్రీలు దానిని కోసి, ఎండబెట్టి, పుల్లలతో గ్రుచ్చి విస్తళ్ళు కుట్టుదురు. అడ్డాకు ఎండినను తోలువలె సాగును గాని పొడిపొడి గాదు. అందుచేతనే నేతి పిండివంటలు చుట్టుటకు అది మిక్కిలి అనువైనది. మైదానములందు, తెలంగాణపు బీళ్ళయందు ఆ పనిని మోదుగాకు చేసెను. ఇక అరటియాకు మనకందరకు తెలిసినదే యైనను, దానిని పచ్చిగా మడిచినచో ఈనె వెంబడి చీలిపోవునని, నిప్పుసెగపై క్షణకాలము వాడ్చినచో మెత్తబడి కోరినట్లు వంగునని ఎరిగినవారే పులిహోరయు దధ్యోజనమును ప్రయాణమునకు కట్టగలరు. ఆ కట్టునకు త్రాడు కూడ ఆ చెట్టుదే, అరటినార. పదార్థము, పాత్ర, త్రాడు మూడును పెరటిలోనే లభించిన కాలమది.

ఆకును పాత్రగా మలచిన కౌశలమునకు కోనసీమ పొట్టిక్కలకన్న గొప్ప నిదర్శనము నే నెరుగను. నాలుగు పనసాకులను పుల్లలతో గ్రుచ్చి చిన్న బుట్టగా కుట్టి, అందు మినపపిండియు బియ్యపురవ్వయు కలిపిన పిండిని పోసి ఆవిరిపై ఉడికింతురు. అంబాజీపేట ఈ పొట్టిక్కలకు పేరుపడినది. ఇచ్చట ఆకు ముందు మూస, పిదప వంటపాత్ర, ఆ పిదప మోసికొనిపోవు కట్టు, కడపట తినుటకు పళ్ళెము. పైగా తన పరిమళమును కూడ పదార్థమున కిచ్చును. ఆత్రేయపురపు పూతరేకులవారు ఇంకను ముందుకు పోయి, చుట్టెడి పొరనే తినుబండారముగా చేసిరి: బోర్లించి కాల్చిన కుండమీద పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను పరచి తీసిన రేకు, లోపలి నెయ్యి పంచదారలకు కాగితమును తానే, భక్ష్యమును తానే. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది.

పొరుగింటికి పోవు దొన్నె వేరు, ఊరు దాటిపోవు సారె వేరు. ఆడపడుచు అత్తవారింటికి పోవునపుడు పుట్టినింటివారు పంపెడు సారెలో చలిమిడి, అరిసెలు, సున్నియుండలు, లడ్లు, జంతికలు మోయలేనంతగా నుండెడివి. ఏలయన అవి ఆ యింటివారు మాత్రమే తినుటకు గాదు, ఊరివారందరకు పంచుటకు. ఇంతటి భారమునకు ఆకు చాలదు. మేదరులు వెదురుబద్దలతో అల్లిన గంపలలో ఆకులు పరచి, అరిసెలను ఒకదానిపై నొకటి పేర్చి, పైన ఉతికిన వస్త్రము కప్పి, కావడిబద్దకు రెండు ప్రక్కల వ్రేలాడదీసి నడిపించెడివారు. ఇందొక కిటుకు కలదు. అరిసెను మూకుటినుండి తీయగనే రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండకున్నచో గంప అడుగంతయు జిడ్డగును. కావున సారె కట్టుట పొయ్యి దగ్గరనే ఆరంభమగునని పెద్దలు చెప్పుదురు. తెలంగాణమున సంక్రాంతికి వండెడి సకినములు అరిసెలవంటివి గావు. చుట్లు చుట్లుగా బియ్యపుపిండితో పోసిన ఆ వలయములు ఏ కాస్త అదురుకును విరుగును. వియ్యాలవారింటికి పోవలసిన సకినముల గంపకు అడుగున మెత్తని గుడ్డ పరచి, సకినములను కదలకుండ ఒత్తుగా సర్దుట ఒక నేర్పు. ఒడిబియ్యము పోయునపుడైతే గంపయును లేదు, గిన్నెయును లేదు. ఆడపడుచు చీర ఒడియే పసుపుబియ్యమునకు, కుడుకలకు పాత్ర. వెల లేని కట్టులలో ఇంతకు మించిన గౌరవము గలది మరియొకటి లేదని నేను నమ్ముదును.

దూరము పెరిగినకొలది కట్టుబడి మారినది. 1847 మొదలు 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిదప గోదావరి డెల్టాలో కాలువలు నీటితోడి బాటలైనవి. సారెగంపలు కావడి దిగి పడవ యెక్కినవి. పిమ్మట 1893లో బెజవాడయొద్ద కృష్ణపై, 1900లో రాజమహేంద్రవరముయొద్ద గోదావరిపై రైలువంతెనలు తెరువబడుటతో మద్రాసున చదువుకొను కుమారునికి తల్లి చేసిన సున్నియుండలు మరునాటికే చేరగలిగెను. కాని రైలులో గంపను ఎత్తువారును దింపువారును వండినవారి బంధువులు గారు; వారికి లోపలనున్నది లడ్డో, ఇటుకో తెలియదు. అందుచేత మూత గట్టిగా నుండవలసివచ్చెను. తపాలా పార్సెలు మరింత కఠినమైనది: పెట్టెకు చుట్టును గళ్ళు లేని తెల్లగుడ్డ కుట్టి, కుట్టుపై లక్క కరగించి ముద్రలు వేయవలసియుండెను. దూదిపరుపులకు వాడెడి పెద్దసూదితో అమ్మమ్మలు ఆ గుడ్డను కుట్టి, పైన సిరాతో చిరునామా వ్రాయించిన కాలము నేటి పెద్దలకు ఇంకను స్మృతిలో నున్నది.

కాగితము మన పొట్లములలోనికి ప్రవేశించుటకు పత్రికలే ప్రధాన కారణము. 1902లో బందరున కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిన వారపత్రికగాను 1914నుండి మద్రాసున దినపత్రికగాను ఆంధ్రపత్రిక వెలువడుటతో, చదివిన కాగితములు ఇండ్లలో పోగుపడసాగెను. చిల్లరకొట్టువాడు వాటిని తూకమునకు కొని, చిటికెలో శంఖాకృతిగా చుట్టి, పైకొస లోనికి మడచి, పురికొసతో రెండు చుట్లు చుట్టి ముడివేయుట నేర్చెను. చూచి చూచి ఇల్లాండ్రును నేర్చిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాగితమునకు కరవు వచ్చినపుడు ఆ పాతకాగితమును పురికొసను కూడ విప్పి, సాపుచేసి, దాచుకొనిరి. అచ్చుసిరా ఆహారమునకు అంటునన్న భయము అప్పటివారికి లేకపోయెను. 2016లో కేంద్రప్రభుత్వపు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, వార్తాపత్రికలలో తిండి చుట్టుట ఆరోగ్యమునకు హాని యని హెచ్చరిక చేసినది. అది సమంజసమైన హెచ్చరికయే. మన పూర్వులు కాగితమునకు లోపల ఒక ఆకు పరచి చుట్టిన పద్ధతిని మనము విడువకున్నచో ఆ హెచ్చరిక అవసరమే యుండెడిది గాదు.

ఇరువదవ శతాబ్దమున ఈ చరిత్రను మలుపు త్రిప్పినది రేకుడబ్బా. నాలుగు గ్యాలనుల కిరసనాయిలు డబ్బాను రేకుపనివారు పైకప్పు కోసి, మూత అమర్చి, పిడి అతికి ధాన్యమునకు, పిండివంటలకు పనికివచ్చునట్లు చేసెడివారు. వాసన పోవుటకు దానిని బూడిదతో ఎన్నిమార్లు తోమవలసివచ్చెనో ఊహించుకొనవచ్చును. 1937లో విపణికి వచ్చిన డాల్డా, తాటిచెట్టు బొమ్మగల పసుపుపచ్చని డబ్బాలో ఇంటింటికి చేరెను. డాల్డా వాడుటను గూర్చి వైద్యులలోను, నెయ్యిని ప్రేమించువారిలోను ఎన్ని వాదములు చెలరేగినను, డబ్బాను గూర్చి వాదమే లేదు. అది గాలి చొరనిది, చీమ చొరనిది, పడినను పగులనిది, అన్నిటికిని మించి వెల లేకుండ లభించినది. హాస్టలునకు పోవు కుమారుని పెట్టెలో జంతికల డాల్డా డబ్బాయు, దాని ప్రక్కన ఆవకాయ నింపిన హార్లిక్సు సీసాయు లేని తెలుగిల్లు ఒకనాడు అరుదు. జాడీ మూతికి వాసెన కట్టినట్లే ఆ సీసామూతి క్రింద కూడ తెల్లని గుడ్డముక్క బిగించి, నూనె కారకుండ కాచిరి.

నా దృష్టిలో ఆ డబ్బా గొప్పతనమేమనగా, అది రెండు తెగలను ఒకటిగా చేసినది. ఆకువలె దానికి వెల లేదు, కావున పుచ్చుకొన్నవారికి భారము లేదు. గిన్నెవలె అది దృఢమైనది, కావున తిరిగి వచ్చినచో మరల నింపుదురు. డబ్బా మరచిపోకుము నాయనా అను మాట తల్లి ప్రతి యుత్తరములోను వ్రాసెడిది. కుమారుడు సెలవులకు వచ్చినపుడు ఖాళీడబ్బాతో వచ్చెడివాడు. ఆ ఉత్తరములు వెల లేని ఆ రేకును ఎంతటి ఆస్తిగా ఎంచిరో తెలుపును.

ప్లాస్టికు సంచి ఈ రెండు తెగలలో దేనికిని చెందినది గాదు. అది మట్టిలో కలియదు. ఎవ్వరును దానిని తిరిగి పంపుమని అడుగరు. 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడిన ఒక్కసారి వాడెడు ప్లాస్టికు వస్తువుల పట్టికలో మిఠాయి పెట్టెలపై చుట్టెడి పలుచని పొర కూడ చేర్చబడినది. ఆ పొర మిఠాయిని కాపాడుటకన్న మెరయుటకే ఎక్కువగా పనికివచ్చెడిదని అంగడివారును ఒప్పుకొందురు. పెండ్లిండ్లలో తాంబూలమునకు గుడ్డసంచులిచ్చుట ఇప్పుడు వాడుకలో నున్నది. వధూవరుల పేర్లు అచ్చువేసిన ఆ సంచి మరునాటినుండి కూరగాయల అంగడికి నడచును. ఇది మంచి మార్పు. అమెరికాకు పోవు ఊరగాయలు మాత్రము గాలి తీసి అతికిన మందపు సంచులలోనే పోవుచున్నవి; విమానములో పెట్టెనిండ నూనె కారకుండుటకు అంతకన్న మార్గము నేటికి కనబడుట లేదు.

ఇంటిపిండివంట చేతితో ఇచ్చిపుచ్చుకొను దూరములకు మాత్రము తాటాకు పెట్టె నేటికిని సాటిలేనిది. కోస్తా పొలముల గట్లపై తాటిచెట్టు లేని ఊరు తక్కువ. దాని మొవ్వులోని లేతాకును కోసి, నీడన ఎండబెట్టి, అల్లుటకు ముందు నీట తడిపినచో పెళుసుదనము పోయి వ్రేళ్ళకు లొంగును. ఆకును సమానమైన పేటలుగా చీల్చి, అడుగును చదరముగా అల్లి, నలుమూలల పైకి వంచి గోడలు లేపుదురు. మూతను అడుగుకన్న వెంట్రుకవాసి పెద్దదిగా అల్లినచో అది బిగువుగా కూర్చుండును, త్రాడుతో పని లేదు. లోపల వాడ్చిన అరటియాకు పరచినచో నెయ్యి కారదు. డజను సున్నియుండలు పట్టెడి పెట్టెను చేయితిరిగిన స్త్రీ ఒక సాయంకాలమున సులభముగా ముగింపగలదు. ఈ పని తెలిసినవారు మన పల్లెలలో ఇంకను కలరు, వారిలో పెక్కుమంది వృద్ధులు. వారి యెదుట కూర్చుండి ఆ మూత అల్లిక నేర్చుకొనదలచిన బాలికలు తడిపిన లేతాకు నాలుగు రెబ్బలు వెంట తీసికొనిపోయిన చాలును.