హైదరు ఇంకో ఆరు నెలలు బతికి ఉంటే

మా వేలూరులో పాత పెట్టెనో, తుప్పు పట్టిన తాళాన్నో చూస్తే ‘ఐదర్ కాలత్తుది’ అంటారు. తెలుగు మాట్లాడే మా ఇళ్లలోనూ అదే మాట. ఆ హైదరు అలీ చనిపోయింది మాకు దగ్గర్లోనే. చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులో, 1782 డిసెంబరు 7న, వీపు మీద లేచిన రాచపుండుతో.

కొడుకు టిప్పు అప్పుడు మలబారులో ఉన్నాడు. అతను వచ్చేదాకా పూర్ణయ్య, కృష్ణారావు ఆ చావును దాచారు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా తీసుకుపోతున్నట్టుగా కోలారుకు పంపారు. సైన్యం చెదరలేదు.

“ఆ ముసలాయన ఉండి ఉంటే దొరలు ఓడలెక్కేవాళ్లురా” అనేవాడు మా మేనమామ. నేనంత దూరం పోను. 1781లో పోర్టోనోవోలో హైదరు ఓడాడు. సముద్రం వైపు నుంచి ఇంగ్లీషువాళ్లకు సరుకు, సైన్యం వస్తూనే ఉన్నాయి.

కాని రెండు సంగతులు మాత్రం వేరుగా జరిగేవనిపిస్తుంది. 1782 మే 17న కుదిరిన సాల్బాయి సంధిని నానా ఫడ్నవీసు నెలల తరబడి నానబెట్టాడు. హైదరు పోయాకే దానికి ఆమోదం పడింది. అంతవరకు మరాఠాలు ఏ పక్కకు తిరుగుతారోనన్న భయం ఇంగ్లీషువాళ్లకు ఉండేది. రెండోది బిదనూరు. దాని అధికారి అయాజ్ హైదరు చేరదీసినవాడు, టిప్పుకు గిట్టనివాడు. పెద్దదిక్కు పోయేసరికి 1783 జనవరిలో కోటను జనరల్ మాథ్యూస్‌కు అప్పగించేశాడు. దాన్ని తిరిగి పట్టుకోవడానికి మార్చిలో టిప్పు ఆర్కాటు సీమ వదిలి పడమటికి కదిలాడు. సరిగ్గా ఆ నెలలోనే కడలూరులో దిగాడు బుస్సీ. బొబ్బిలి కథలో మనకు తెలిసిన బుస్సీయే, అప్పటికి ముసలివాడు, వాతరోగి. ఎవరితో కలవాలని వచ్చాడో ఆయన లేడు. జూన్‌లో ఇంగ్లీషువాళ్లు కడలూరును చుట్టుముట్టారు. సముద్రం మీద సఫ్రెన్ గెలిచినా, ఆ నెలాఖరుకే ఐరోపాలో సంధి అయిందన్న వార్త వచ్చి యుద్ధం ఆగింది. 1778లో పోయిన యానాం ఆ సంధి వల్లే మళ్లీ ఫ్రెంచివారిదయింది.

అంటే హైదరుకు మిగిలేది ఆ ఆరు నెలలే. ఆ ఆరు నెలల్లో తండ్రీకొడుకులూ బుస్సీ ఒకచోట చేరి ఉంటే కడలూరు ముందు ఇంగ్లీషు దండు నిలిచేది కాదని నా అంచనా. టిప్పు 1784లో మంగళూరులో చేసుకున్న సంధి కంటే మంచి షరతులే హైదరు రాబట్టేవాడు.

అయినా ఆ లెక్క వేసినప్పుడల్లా నాకు మద్రాసులోని మణేగారు సత్రం గుర్తొస్తుంది. 1782 కరువులో, హైదరు గుర్రాలు తగలబెట్టిన పల్లెల నుంచి పట్నం చేరిన జనానికి గంజి పోయడంతో మొదలైంది అది. గంజితొట్టి అన్న పేరు దానికి అలా నిలిచింది. ఆ తొట్టి దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లలో మనవాళ్లూ ఉండే ఉంటారు. ఈ మాట అంటే మా మేనమామ జవాబు చెప్పేవాడు కాదు.