టాంగ్ వంశం: జనాభా పట్టికలు చెప్పే కథ

సామ్రాజ్యాల పతనానికి కారణాలను మనం సాధారణంగా యుద్ధరంగాలలో వెదకుతాం. కాని చైనాను దాదాపు మూడు శతాబ్దాలపాటు పాలించిన టాంగ్ వంశం (618–907) విషయంలో ఆ కారణాలు భూమి లెక్కలలోను, జనాభా పట్టికలలోను ముందుగా గోచరిస్తాయి.

589లో చైనాను ఏకం చేసిన స్యూయి వంశం, కొరియాపై దండయాత్రలతోను, నిర్బంధ శ్రమతోను ప్రజలను కుంగదీసి తానే కూలిపోయింది. 618లో లీ యువాన్ చాంగాన్ రాజధానిగా టాంగ్ వంశాన్ని స్థాపించాడు. ఆయన కుమారుడు లీ షిమిన్ 626లో సోదరులను హతమార్చి గద్దెనెక్కినా, తాయ్‌జోంగ్ చక్రవర్తిగా ఉత్తమ పాలకుడన్న కీర్తి గడించాడు.

ఆనాటి పాలనకు మూలస్తంభం సమభూమి విధానం. నిబంధన ప్రకారం వయోజనుడైన పురుషునికి 100 'మూ'ల భూమి లభించాలి. అందులో 20 వంశపారంపర్యం. తక్కినది అతని అనంతరం ప్రభుత్వానికి చేరుతుంది. ప్రతిగా అతడు ధాన్యం, వస్త్రం, ఏటా 20 దినాల శ్రమ సమర్పించాలి. పట్టికలో పేరుంటే రైతుకు భూమి, రాజ్యానికి రాబడి.

ఈ సుస్థిరతే దేశాంతర సంబంధాలకు ఊతమిచ్చింది. 641లో హర్షుని రాయబారి చైనా చేరాడు. మన ధాన్యకటకాన్ని సైతం దర్శించిన హ్యూయన్ త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో చాంగాన్‌కు తిరిగివచ్చాడు. భారతీయ సంతతికి చెందిన గౌతమ సిద్ధుడు 718లో మన నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి అనువదించాడు.

అయితే జనాభా పెరిగింది. భూములు క్రమంగా సంపన్నుల, మఠాల వశమయ్యాయి. రైతు సైనికుల స్థానంలో సరిహద్దులలో వృత్తి సైన్యాలు వెలిశాయి. మూడు సరిహద్దు మండలాల సేనలు ఆన్ లూషాన్ అనే ఒక్క సేనాని చేతిలో చేరాయి. 755లో అతడు తిరుగుబాటు చేశాడు. 763లో అది అణగారినా, 754లో సుమారు 5 కోట్ల 28 లక్షలుగా ఉన్న జనసంఖ్య 764 నాటి పట్టికలో 1 కోటి 69 లక్షలకు దిగజారింది. ఇదంతా ప్రాణనష్టం కాదు. మరణించినవారు అసంఖ్యాకులే, కాని ఎందరో వలసపోయారు, మరెందరో ప్రభుత్వాజ్ఞ చెల్లని మండలాలలో ఉండిపోయారు. రాజ్యం తన ప్రజలను లెక్కించే శక్తినే కోల్పోయింది.

780లో మనిషికి బదులు ఆస్తిని ఆధారం చేసుకొని, ఏటా రెండు విడతలుగా పన్ను వసూలు చేసే సంస్కరణ వచ్చింది. ఉప్పుపై గుత్తాధిపత్యం ఖజానాకు మరొక ఆధారమైంది. ఈ రెండూ రాజ్యానికి మరో శతాబ్దికి పైగా ఆయువు పోశాయి. కాని ఆ ఉప్పు నుండే విపత్తు పుట్టింది. ఉప్పు దొంగవ్యాపారి హువాంగ్ చావో కరవు బాధితులను కూడగట్టి, 881 నాటికి చాంగాన్‌ను ఆక్రమించాడు. అతని పూర్వానుచరుడు జూ వెన్ 907లో చివరి చక్రవర్తిని తొలగించాడు.

పట్టికలో పేరున్నవానికి భూమి దక్కినంతకాలం ఆ పట్టిక సామ్రాజ్యాన్ని నిలిపింది. పన్ను భారం మాత్రమే మిగిలిననాడు ప్రజలు దాని నుండి తప్పుకున్నారు; రాజ్యం కూడా వారితోనే చేజారింది.