సేలంలో సణుగుడు, చాండ్లర్‌లో స్పానిష్ మాట

చాండ్లర్ అంటే ఇవాళ మనవాళ్లకు ఇంటెల్ ఉద్యోగాలు, అరిజోనా ఎండలు. 1997 జులై 27న అక్కడ మొదలైన ఐదు రోజుల వేట గురించి చెప్పుకోవడం తక్కువ.

ఊరి పోలీసులు, సరిహద్దు గస్తీవాళ్లు కలిసి సరుకుల కొట్ల ముందు, వీధుల్లో, ఇళ్ల దగ్గర మనుషుల్ని ఆపి కాగితాలు చూపమన్నారు. ఎవర్ని ఆపాలో ఎలా తెలుస్తుంది? ఒంటి రంగు, నోట స్పానిష్ మాట. కాగితాలు లేనివాళ్లు 432 మంది దొరికారు, దాదాపు అందరూ మెక్సికన్లే. అదే వలలో అమెరికా పౌరులూ పడ్డారు. ఆ ఏడాదే రాష్ట్ర అటార్నీ జనరల్ గ్రాంట్ వుడ్స్ విచారణ జరిపి పోలీసుల తీరును తప్పుపట్టారు. ఈ వేటకు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ రిస్టొరేషన్'. పాత డౌన్‌టౌన్‌కు కొత్త కళ తేవాలన్న పథకం అప్పుడు నడుస్తోంది మరి.

ఊరు బాగుపడాలంటే ముందు ఎవరినో ఏరెయ్యాలన్న తలపు అమెరికాకు పాతదే. 1692లో మసాచుసెట్స్‌లోని సేలం గ్రామం ప్యూరిటన్లది. వాళ్ల లెక్కలో పంట పోయినా బిడ్డ పోయినా ఊరికే పోదు, దేవుడి ఆగ్రహమో సైతాను పనో అయి తీరాలి. అయితే నమ్మకం ఒక్కటే ఉరితాడు పేనలేదు. 1684లో కాలనీ చార్టర్ రద్దయింది. ఉత్తరాన యుద్ధం, అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన జనం. పల్లె రైతులకూ రేవుపట్నం వర్తకులకూ పొసగదు. పాస్టర్ శామ్యూల్ ప్యారిస్‌కు జీతం, పొయ్యిలోకి కట్టెలు ఇచ్చే దగ్గరే తగువు. సరిగ్గా ఆ పాస్టర్ ఇంట్లోనే ఆడపిల్లలు వింతగా మెలికలు తిరిగిపోవడం మొదలైంది.

అది మంత్రగత్తెల పనే అని మొదట పట్టుకున్న ముగ్గురిలో సారా గుడ్ ఒకరు. గూడు లేదు, ఇంటింటా అడుక్కునేది. లేదు పొమ్మంటే ఏదో సణుక్కుంటూ పోయేది. తర్వాత ఆ ఇంట పశువు చస్తే ఆ సణుగుడే శాపమైంది. బాణామతి పేరుతో దిక్కులేని మనిషిని చెట్టుకు కట్టేసిన మన పల్లెల సంగతి ఎరిగినవాళ్లకు ఇది వింతగా తోచదు. సారా నాలుగైదేళ్ల కూతురికీ జైల్లో సంకెళ్లు వేశారు. జులై 19న తల్లిని ఉరితీశారు. మొత్తం 19 మంది ఉరికంబమెక్కారు. కోర్టులో నోరు విప్పని మరో నిందితుడు జైల్స్ కోరీని రాళ్ల బరువుతో నలిపి చంపారు.

పోలికను మరీ లాగకూడదు. మంత్రగత్తెలు లేరు, కాగితాలు లేనివాళ్లు ఉన్నారు. చాండ్లర్‌లో ఎవరి ప్రాణమూ తీయలేదు. కానీ రెండుచోట్లా ఒక ఆనవాలు కనబడితే చాలు, మనిషి దోషే.

చాండ్లర్ నగరం 1999లో 4 లక్షల డాలర్లిచ్చి ఆ వేటపై పడ్డ దావాను పరిష్కరించుకుంది. మసాచుసెట్స్ 1711లో బాధిత కుటుంబాలకు 578 పౌండ్లు మంజూరు చేసింది. అందులో 30 పౌండ్లు సారా భర్త విలియం గుడ్‌కు దక్కాయి. నా భార్య మంత్రగత్తో, కాకపోతే త్వరలోనే అవుతుందో అని భయంగా ఉందని విచారణలో చెప్పింది ఆయనే.