గ్యారేజీకి గోడలు వచ్చిన వైనం

అమెరికాలో కొత్త ఇల్లు కొన్న కుటుంబానికి పడకగదులు, వంటగది, స్నానాల గది అన్నీ రంగులు వేసి, దీపాలు బిగించి సిద్ధంగా దొరుకుతాయి. గ్యారేజీ మాత్రం చాలాసార్లు సగం పనితోనే చేతికొస్తుంది. కింద సిమెంటు గచ్చు, చుట్టూ పదహారు అంగుళాలకొకటిగా నిలబెట్టిన కర్రలు, వాటి మధ్య ఖాళీల్లో కనిపించే బయటిగోడ వెనకభాగం, నెత్తిన ఒక బల్బు. ఇంటిని ఆనుకున్న వైపు మాత్రం జిప్సం బోర్డు బిగించి ఉంటుంది. మిగతా గోడలను ఏం చేసుకోవాలన్నది ఇంటివాళ్ల ఇష్టం, వాళ్ల ఓపిక. ఒకవైపు బోర్డు ఉండి మిగతా వైపుల లేకపోవడానికి బిల్డరు పిసినారితనం ఒక్కటే కారణం కాదు. పెట్రోలు మంటంటే ఉన్న భయంతో మొదలైన వందేళ్ల కథ దాని వెనక ఉంది.

తెలుగునాట ఇల్లంటే ఇటుక గోడ. తాపీమేస్త్రి లోపలా బయటా సిమెంటు పూస్తే గోడ పని అయిపోయినట్టే. అమెరికాలో మామూలు ఇంటికి ముందు కర్రల చట్రం లేస్తుంది. బయట ఒక తొడుగు, లోపల ఇంకో తొడుగు వేస్తేనే అది గోడ అవుతుంది. లోపలి తొడుగు ఎగ్గొట్టినా చట్రం నిలబడుతుంది, వాన లోపలికి రాదు. మనుషులు ఉండని చోట ఆ ఖర్చు దేనికన్న లెక్కతోనే గ్యారేజీ లోపల అస్థిపంజరంలా మిగిలిపోయింది.

గ్యారేజీకి ముందు ఆ స్థలంలో గుర్రపుసాల ఉండేది. 19వ శతాబ్దపు పట్టణాల్లో స్థితిమంతుల ఇళ్ల వెనక, సందు వైపుకు తిరిగి బండీ, గుర్రం, గడ్డీ ఉండే కొట్టం ఒకటి కనిపించేది. పేడ కంపు, ఈగలు ఇంటిదాకా రాకూడదని దాన్ని పెరటి చివర కట్టేవారు. 1900 తర్వాత గుర్రం స్థానంలోకి మోటారు కారు వచ్చి అదే కొట్టంలో చేరింది. కంపు పోయింది, నిప్పు భయం పట్టుకుంది. అప్పట్లో పెట్రోలు బంకులు అరుదు కాబట్టి డబ్బాల్లో ఇంధనం తెచ్చి కారు పక్కనే పెట్టుకునేవారు. ఎండుగడ్డి నిలవచేసే అటకలు, చెక్క గోడలు, నూనె గుడ్డలు, పక్కనే పెట్రోలు: ఇన్నీ ఒకచోట చేరిన కొట్టాన్ని ఇంటికి ఎంత దూరంలో ఉంచితే అంత మంచిదని అందరూ అనుకున్నారు. అందుకే తొలి గ్యారేజీలు కూడా పెరటి చివరే ఉండిపోయాయి.

1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారు తెచ్చింది. మొదట 850 డాలర్లు పలికిన ఆ కారు 1920ల మధ్యకల్లా 300 డాలర్లలోపే దొరికింది. గుర్రపుసాల ఎన్నడూ లేని ఇళ్లకు కూడా కారు చేరింది. అప్పుడు పుట్టుకొచ్చిందే విడిభాగాలుగా వచ్చే గ్యారేజీ. సియర్స్ కంపెనీ, మిషిగన్‌లోని అలాడిన్ కంపెనీ ఇళ్లను కోసిపెట్టిన కలప కట్టలుగా రైల్లో పంపుతూ, వాటితోపాటు గ్యారేజీలనూ కేటలాగుల్లో పెట్టి అమ్మాయి. కొన్నవాడు కాగితం మీద బొమ్మ చూసుకుంటూ తనే కట్టుకోవచ్చు. గ్యారేజీని సొంత చేతులతో కట్టుకోవడమనే అలవాటు అలా దానితోపాటే పుట్టింది. ఆ కట్టల్లో లోపలి తొడుగు మాత్రం సాధారణంగా ఉండేది కాదు.

గ్యారేజీ ఇంటి దగ్గరికి జరగడం ధనికుల ఇళ్లతో మొదలైంది. షికాగోలో వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన రోబీ హౌస్ 1910లో పూర్తయింది. అందులో మూడు కార్ల గ్యారేజీ ఇంటిలోనే కలిసి ఉంది. తర్వాత అదే రైట్ మనసు మార్చుకుని, 1937లో మాడిసన్‌లో పూర్తయిన జేకబ్స్ ఇంటికి గోడల్లేని చూరు మాత్రం వేసి సరిపెట్టాడు. కారుకు గుర్రపుసాల అక్కర్లేదన్నది ఆయన వాదన. చలి, మంచు ఎక్కువుండే ప్రాంతాల జనం ఆ వాదన పెద్దగా పట్టించుకోలేదు.

తలుపు కూడా ఈ మార్పుకు తోడ్పడింది. కొట్టాలకు ఉండే రెక్కల తలుపులు బయటికి తెరుచుకునేవి. ముందు మంచు పేరుకుంటే పార తీసుకుని తవ్వితే తప్ప కదిలేవి కావు. 1921లో సి.జి. జాన్సన్ అనే ఆయన అడ్డంగా పలకలు చేసి, మడతబందులతో కలిపి, పట్టాల మీద పైకి జరిగి కప్పు కింద పడుకునే తలుపు తయారుచేశాడు. 1926లో దానికి విద్యుత్ మోటారు జోడించాడు. ఈ తలుపు లోపలి పనికి ఒక కొత్త చిక్కు కూడా తెచ్చింది. పట్టాలు, స్ప్రింగులు, మోటారు అన్నీ కప్పు కిందే వేలాడతాయి. గ్యారేజీ కప్పుకు బోర్డు బిగించాలనుకునేవాళ్లు ముందు వాటినే విప్పాలి. బాగా బిగిసి ఉన్న ఆ స్ప్రింగును అనుభవం లేనివాళ్లు ముట్టుకుంటే చెయ్యి విరగడం ఖాయమని మెకానిక్కులు హెచ్చరిస్తారు.

ఇంత దూరం వచ్చాక అసలు సరుకైన జిప్సం బోర్డు సంగతి చెప్పాలి. 19వ శతాబ్దంలో అమెరికా ఇళ్ల లోగోడలంటే సన్నని చెక్క బద్దలు వరసగా కొట్టి, వాటి మీద మూడు పూతలుగా సున్నం, జిప్సం పూయడమే. దానికి పనివాడి చెయ్యి కావాలి, పూత పూతకూ ఆరేందుకు రోజులూ వారాలూ కావాలి. 1894లో ఆగస్టీన్ శాకెట్ అనే ఆయన కాగితం పొరల మధ్య జిప్సం ముద్దను పరిచిన పలకకు పేటెంటు పొందాడు. ఆయన దాన్ని గోడగా కాక, చెక్క బద్దల బదులు పూత కింద వాడేందుకు తయారుచేశాడు. 1909లో ఆ వ్యాపారాన్ని యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ కొంది. పలక అంచులు మూసి, గట్టిచేసి, పూతే అక్కర్లేని గోడగా 1916-17 ప్రాంతంలో 'షీట్‌రాక్' పేరుతో అమ్మకానికి పెట్టింది. హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగుకు వాడే జిప్సం బోర్డు దీని సంతతే.

జనం మాత్రం దాన్ని చాలాకాలం నాసిరకం సరుకుగానే చూశారు. పూత గోడ ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు కాగితం గోడ చిన్నతనంగా తోచింది. 1933-34 షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని విరివిగా వాడి చూపించారు. అయినా దాని రాత మార్చింది రెండో ప్రపంచ యుద్ధమే. పూత మేస్త్రులు దొరకలేదు, సైన్యానికి బారకాసులు రోజుల్లో లేవాలి. బోర్డు కోసి మేకులు కొడితే పని అయిపోతుంది. యుద్ధం ముగిశాక వచ్చిన ఇళ్ల కరువులో బిల్డర్లకు అదే పద్ధతి చేతిలో ఉంది.

ఈ బోర్డు గ్యారేజీకి ప్రత్యేకంగా పనికొచ్చింది దాని రసాయనం వల్ల. జిప్సం రాయిలో బరువులో అయిదో వంతు నీరే, స్ఫటికంలో బందీ అయి ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అరంగుళం మందం ఉన్న పాతరకం పలక దాదాపు 25 కిలోలు తూగుతుంది. అందులో నీరు ఇంచుమించు 5 లీటర్లు. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై పోతూ వేడిని తాగేస్తుంది. నీరంతా పోయేదాకా బోర్డు వెనకవైపు నీరు మరిగే వేడిని పెద్దగా మించదు. కాలిన జిప్సం చివరికి పొడై రాలిపోతుంది కాబట్టి, అలా రాలకుండా గాజుపోగులు కలిపి చేసేదాన్ని టైప్ ఎక్స్ అంటారు. ఇప్పటి అమెరికా గృహ నిబంధనావళి ప్రకారం ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడకు కనీసం అరంగుళం జిప్సం బోర్డు ఉండాలి. గ్యారేజీ మీద గది ఉంటే కప్పుకు ఎనిమిదింట అయిదు వంతుల అంగుళం టైప్ ఎక్స్ బోర్డు వెయ్యాలి. ఇంట్లోకి వెళ్లే తలుపు గట్టి చెక్కదైనా, ఉక్కుదైనా, 20 నిమిషాలు మంటకు ఓర్చేదైనా కావాలి. గ్యారేజీ నుంచి నేరుగా పడకగదిలోకి తలుపు పెట్టకూడదు. పెరటి చివరి దూరం ఏ పని చేసిందో, ఈ అరంగుళం మందం ఇప్పుడు ఆ పని చేస్తోంది.

మిగతా గోడలను ఇంటివాళ్లకు వదిలేసిన కాలంలోనే ఆ పని చేయడానికి కావలసిన పనిముట్లూ వాళ్ల చేతికొచ్చాయి. తుపాకీలా పట్టుకుని మీట నొక్కే డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1917లోనే పేటెంటు పొందినా, అది కర్మాగారాల సరుకు. యుద్ధకాలపు కార్మికులు వాటిని ఇళ్లకు పట్టుకుపోతున్నారని గమనించి, 1946లో ఇంటి వాడకానికి చవక డ్రిల్లు తెచ్చిందని చెబుతారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం చేసిన చట్టం కింద గృహరుణాలు పొందిన లక్షల కుటుంబాలు శివార్లకు తరలాయి. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో తొలి ఇళ్లకు గ్యారేజీయే లేదు. అటక మాత్రం పని పూర్తికాకుండా వదిలి, కొన్నవాళ్లే గదిగా మార్చుకోవాలన్నారు. పని సగంలో వదిలి ధర తగ్గించి అమ్మడం, మిగతా సగం ఆదివారాల్లో ఇంటాయన చేసుకోవడం అక్కడ మర్యాదస్తుల అలవాటైంది. 1951లో 'ఫ్యామిలీ హ్యాండీమ్యాన్' పత్రిక మొదలైంది, 1954లో టైమ్ వారపత్రిక సొంతచేతి పనుల మోజును ముఖచిత్ర కథ చేసింది. 1979లో అట్లాంటాలో హోమ్ డిపో తెరిచాక మేస్త్రి కొనే సరుకే మామూలు మనిషికీ ఒకే కప్పు కింద దొరికింది.

ఆ ఆదివారపు పని ఒక క్రమంలో సాగుతుంది. ముందు కరెంటు తీగలు, స్విచ్చు పెట్టెలు. అవి గోడలో మునిగిపోతాయి కాబట్టి తర్వాత చేద్దామంటే కుదరదు. గ్యారేజీ ప్లగ్గులకు షాకు కొట్టకుండా సరఫరా ఆపే రక్షణ ఉండాలని జాతీయ విద్యుత్ నియమావళి 1978లోనే చెప్పింది. తర్వాత కర్రల మధ్య గాజుపోగుల దూది. ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ 1930ల చివర్లో దీన్ని వాడుకలోకి తెచ్చింది. దాని గులాబి రంగు 1950ల నాటిది. ఆపైన బోర్డు. పలకను పెన్సిలుతో గీసి, బ్లేడుతో ముందు కాగితాన్ని మాత్రం కోసి, మోకాలికి ఆనించి వెనక్కి వంచితే జిప్సం గీత వెంబడే తటాలున విరుగుతుంది. వెనక కాగితం కోస్తే ముక్క చేతికొస్తుంది. రంపం అక్కర్లేదు. కింది అంచు గచ్చుకు తగలకుండా అరంగుళం ఎత్తి బిగిస్తారు, లేకపోతే కారు నుంచి కారిన వాననీరు, మంచునీరు సిమెంటు మీంచి కాగితంలోకి పాకి బూజు పడుతుంది.

ఇక్కడే ఇంటి గోడకూ గ్యారేజీ గోడకూ తేడా తెలుస్తుంది. రెండు పలకల మధ్య అతుకు మీద కాగితపు పట్టీ పరిచి, లప్పంలాంటి ముద్దను వెడల్పాటి తాపీతో లాగుతారు. హాల్లో అయితే మూడుసార్లు పూసి, ఆరనిచ్చి, సాండ్ పేపరుతో రుద్ది, అతుకు ఎక్కడుందో కనిపించకుండా చేస్తారు. గ్యారేజీలో చాలామంది బిల్డర్లు ఒక్కసారి పూసి వదిలేస్తారు. పొగ, విషవాయువు సందుల్లోంచి ఇంట్లోకి రాకుండా ఉంటే చాలన్నది వాళ్ల లెక్క. సొంతంగా పని చేసుకునేవాళ్లు ఓడిపోయేదీ ఈ ముద్ద దగ్గరే. బోర్డు ఎవరైనా బిగిస్తారు. అతుకు దాచడానికి మాత్రం చెయ్యి తిరగాలి.

పాత గ్యారేజీల్లో ఈ ముద్దే ప్రమాదం కూడా. 1970ల దాకా అతుకు ముద్దల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. గోడ మరమ్మతు ముద్దల్లో దాన్ని 1977లో వినియోగ వస్తువుల భద్రతా సంస్థ నిషేధించింది. ఇళ్లకు సీసం కలిసిన రంగులపై 1978లో నిషేధం వచ్చింది. అంతకు ముందరి గోడను పరీక్ష చేయించకుండా రుద్దడం ఊపిరితిత్తులతో చెలగాటమే.

తొడుగు లేని గ్యారేజీలోనూ చరిత్ర జరిగింది. 1938లో పాలో ఆల్టోలో, పన్నెండడుగులకు పద్దెనిమిది అడుగుల చెక్క గ్యారేజీలో హెచ్‌పీ కంపెనీ స్థాపకులు హ్యూలెట్, ప్యాకర్డ్ పని మొదలుపెట్టారు. కాలిఫోర్నియా దాన్ని చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ ఒరవడిలో తర్వాత ఎన్నో కంపెనీలు తమ పుట్టుకను గ్యారేజీతో ముడిపెట్టుకున్నాయి. ఆపిల్ విషయంలో ఆ కథ కాస్త ఎక్కువ చేసి చెప్పిందేనని దాని స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వాజ్నియాకే అన్నాడు. కంపెనీలు పుట్టిన గ్యారేజీలకన్నా కాపురాలు పెట్టిన గ్యారేజీలే చాలా ఎక్కువ. అద్దెలు మోయలేని లాస్ ఏంజెలెస్ కౌంటీలో దాదాపు 2 లక్షల మంది అనుమతి లేని గ్యారేజీ గదుల్లో ఉంటున్నారని 1987లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ అంచనా వేసింది. ఆ గదుల్లో చాలావాటికి గోడలు తొడిగిందీ అందులో ఉన్నవాళ్లో, ఇంటి యజమానో.

గోడలు వచ్చాక కారు బయటికి పోయింది. 2000ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో 32 కుటుంబాల ఇళ్లను వస్తువు వస్తువూ లెక్కపెట్టి చూస్తే, నాలుగింట మూడు గ్యారేజీల్లో కారు పట్టే చోటే లేదు. పాత సోఫాలు, అట్టపెట్టెలు, అదనపు ఫ్రిజ్ ఆ చోటు ఆక్రమించాయి. చట్టం కూడా చివరికి ఇదే దారిన నడిచింది. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో గ్యారేజీని నివాసంగా మార్చుకునే యజమానిని, పోయిన పార్కింగు స్థలానికి బదులు ఇంకోటి చూపించమని ఏ పురపాలక సంస్థా అడగడానికి వీల్లేదు.