షేర్లు అమ్మితే లెక్క ఎప్పుడొస్తాది?

ఆదోని యార్డులో శెనక్కాయలు అమ్మి, లెక్క కోసరం మండీ చుట్టూ తిరగడం మనకు తెలిసిందే. షేర్లకు ఆ తిప్పలు లేవు. 2023 జనవరి 27 నుంచి అన్నిటికీ టీ+1 వచ్చింది. ఈపొద్దు అమ్మితే, మార్కెట్‌కు సెలవు లేకుంటే, రేపే సెటిల్‌మెంట్.

భయమంతా బ్రోకరు కాడనే. హైదరాబాదు కార్వీ అదే జేసింది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకొని, వాళ్ల షేర్లు కుదవబెట్టి అప్పులు తెచ్చుకునింది. 2019 నవంబరు 22న సెబీ అడ్డం పడింది. దాని తర్వాతనే రూల్స్ బిగిసినాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసరం కుదవబెట్టినా షేర్లు మన డీమ్యాట్‌లోనే ఉండాల, ఓటీపీ మనమే ఇయ్యాల. (ఆ ఓటీపీ ఫోన్లో అడిగినోనికి చెప్తే ఇంగ ఏ రూలూ కాయదు.)

కాంట్రాక్ట్ నోటు 24 గంటల్లో రావాల. యాప్‌లో అంకె సూసి ఊరుకోకుండా, డిపాజిటరీ పంపే స్టేట్‌మెంట్‌తో పోల్చి సూడండి. తేడా ఉంటే ముందు బ్రోకరును అడగండి, పలక్కపోతే సెబీ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టండి.