చీకటి దినములు - చిన్నబోవు మనస్సు

తణుకు ప్రాంతమున చలికాలమును దిగులుకాలమని ఎవరును అనరు. మార్గశిర పుష్యమాసములు వచ్చుసరికి సార్వా వరికోతలు పూర్తియై ధాన్యము ఇండ్లకు చేరుచుండును. తెల్లవారుజామున మంచుతెరలో హరిదాసు చిడతల చప్పుడు వినబడును. వాకిళ్లలో ముగ్గులు, ముగ్గులలో గొబ్బెమ్మలు, పండుగ దగ్గరపడినకొలది పిండివంటల వాసనలు. గోదావరి డెల్టావాసులకు ఏటిలో ఇంతకంటె ఉల్లాసమైన కాలము మరియొకటి లేదు.

సరిగా అవే మాసములలో ఇంగ్లండు, స్వీడను, కెనడా మున్నగు ఉత్తర దేశములలో కొందరికి మనస్సు క్రుంగిపోవును. ఉదయమున మంచముపైనుండి లేవబుద్ధి కాదు. ఎంత నిద్రించినను మత్తు వదలదు. తీపి పదార్థములపైనను పిండిపదార్థములపైనను కోరిక హెచ్చును. చదువుపైనగాని, పనిపైనగాని, మిత్రులతో మాటలాడుటపైనగాని ఆసక్తి నశించును. వసంతము రాగానే ఈ స్థితి దానంతటదే తొలగిపోవును; మరల శరదృతువు చివర ప్రారంభమగును.

ఇది సోమరితనము కాదనియు, వెలుతురు కొరతకును దీనికిని సంబంధమున్నదనియు శాస్త్రీయముగా చూపుటకు మానవునకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. నేడు డెల్టా గ్రామములనుండి అనేకులు చదువులకై, ఉద్యోగములకై ఆ దేశములకు పోవుచున్నారు. కనుక ఈ చరిత్ర మనవారికి పరాయిది కాదు.

పగటి కొలత

తణుకు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 16¾ డిగ్రీల అక్షాంశముపై ఉన్నది. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున అక్కడ సూర్యుడు ఇంచుమించు ఉదయము 6-28కి ఉదయించి సాయంకాలము 5-34కి అస్తమించును. అనగా ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 11 గంటల 6 నిమిషములు. జూనులో వచ్చు అతి పెద్ద పగలు 13 గంటలకు కొంచెము హెచ్చు. ఈ రెండింటికిని భేదము రెండు గంటలు మాత్రమే.

లండను 51½ డిగ్రీల అక్షాంశముపై ఉన్నది. అక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడ ఉండదు. జూనులో పదహారున్నర గంటలకు మించును. ఇంకను ఉత్తరమున ఉన్న ఎడింబరోలో డిసెంబరు పగలు ఏడు గంటలే.

వెలుతురు ఉండు కాలమే కాదు, దాని బలము కూడ తగ్గును. ఆ దినమున మిట్టమధ్యాహ్నము తణుకులో సూర్యుడు దిఙ్మండలమునకు 50 డిగ్రీల ఎత్తున ఉండగా లండనులో 15 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. అంత ఏటవాలుగా వచ్చు కిరణములు తణుకులోకంటె దాదాపు మూడు రెట్లు మందమైన గాలిపొరను దాటి రావలెను. దీనికి తోడు వారముల తరబడి మబ్బులు. ఈ భేదములకు మూలము భూమి అక్షము 23½ డిగ్రీలు వాలియుండుటయే. ఒక గ్లోబును, ఒక దీపమును తీసికొని ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో సులభముగా చూపవచ్చును.

ప్రాచీనుల అభిప్రాయములు

చరకసంహిత సూత్రస్థానము ఆరవ అధ్యాయమున ఋతుచర్య చెప్పబడినది. దాని ప్రకారము హేమంత శిశిరములు మనుష్యునకు బలము హెచ్చుగా ఉండు కాలము. జీర్ణశక్తి కూడ అప్పుడే తీక్ష్ణముగా ఉండును. గ్రీష్మ వర్షర్తువులలోనే దేహము దుర్బలమగును.

గ్రీకు వైద్యుల మాట వేరుగా ఉన్నది. కొందరి స్వభావము వేసవికిని, కొందరి స్వభావము చలికాలమునకును అనుకూలించునని హిపోక్రటీసు పేర వెలసిన సూత్రములలో కలదు. క్రీస్తుశకము తొలి శతాబ్దులకు చెందిన ఆరెటియసు అను వైద్యుడు మాంద్యముతో బాధపడువారిని వెలుతురులో, ఎండ తగులునట్లు పరుండబెట్టవలెనని వ్రాసెను.

ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదు. ఎవరి ఆకాశమును వారు చూచి చెప్పిరి. ఋతువు పేరు ఒకటే అయినను ఎండ ఒకటి కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి మానసిక వైద్యుడు ఎస్కిరోలు వద్దకు బెల్జియము దేశపు వర్తకుడొకడు వచ్చెను. ప్రతి సంవత్సరము శరత్కాలాంతమున అతని మనస్సు క్రుంగి, వసంతమున తేరుకొనుచుండెను. అక్టోబరు ముగియకముందే ఎండగల దక్షిణ ప్రాంతములకు పోయి మే మాసము వరకు తిరిగి రావలదని ఎస్కిరోలు సలహా చెప్పెను. రోగి ఆ ప్రకారము చేసి మేలు పొందెను. మందు ఇవ్వలేదు, అక్షాంశమును మార్చెను. అయితే అతనికి మేలు చేసినది వెలుతురా, వెచ్చదనమా, విశ్రాంతియా అన్నది తేలలేదు.

మంచులో చిక్కిన ఓడ

1898 మార్చిలో బెల్జికా అను ఓడ దక్షిణధ్రువ ప్రాంతపు సముద్రములో మంచుగడ్డల మధ్య చిక్కుకొనిపోయెను. దాని నాయకుడు అడ్రియన్ డి గెర్లాషు. తరువాత దక్షిణధ్రువమును మొదట చేరిన రోఆల్డ్ అముండ్సెను అప్పుడు ఆ ఓడలో ఒక అధికారి. వైద్యుడు అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ కుక్. అంటార్కిటిక్ వలయమునకు దక్షిణమున చలికాలమంతయు గడిపిన మొదటి మానవులు వీరే.

మే మాసము మధ్యలో అస్తమించిన సూర్యుడు సుమారు డెబ్బది దినముల వరకు మరల కనబడలేదు. ఆ దీర్ఘరాత్రిలో మనుష్యుల ముఖములు పాలిపోయెను. ఆకలి నశించెను. ఒకరితో ఒకరు మాటలాడుట మానిరి. కొందరికి మతి చలించెను. గుండెజబ్బుతో ఉన్న ఎమీల్ డాంకో అను శాస్త్రజ్ఞుడు జూను 5వ తేదీన మరణించెను.

కుక్ ఊరకుండలేదు. ఓడ చుట్టును నడువుడని నావికులను బలవంతపెట్టెను. వారిని మండుచున్న పొయ్యి ఎదుట వట్టి దేహముతో, ఆ వేడి వెలుగులు తగులునట్లు నిలువబెట్టెను. పెంగ్విను, సీలు జంతువుల పచ్చిమాంసమును తినిపించెను. చాలమంది కోలుకొనిరి. 1900 సంవత్సరమున ప్రచురించిన తన గ్రంథమున ఈ అనుభవములను ఆయన వివరముగా వ్రాసెను.

విద్యార్థులు ఇక్కడ ఒక విషయమును గమనింపవలెను. ఆ నావికులకు వెలుతురు లేకపోవుటయే కాక, విటమిన్ సి లోపమువలన వచ్చు స్కర్వీ వ్యాధి కూడ ఉండెను. తాజా మాంసము ఆ లోపమును తీర్చెను. నడక, పొయ్యి, ఆహారము అను మూడు ఉపాయములను ఒకేసారి ప్రయోగించుటచే దేనివలన ఎంత మేలు కలిగెనో చెప్పుటకు వీలులేదు. ప్రాణములు కాపాడుటకు కుక్ చేసినది సరియే. కాని కారణము నిర్ణయించుటకు ఒకసారి ఒకదానినే మార్చి చూడవలెను.

1984లో భారతీయులు కూడ దక్షిణ గంగోత్రి స్థావరమున ధ్రువప్రాంతపు చలికాలమును గడిపిరి.

కప్ప చర్మమునుండి మనిషి మనస్సునకు

ఈ కథలో తరువాతి ఘట్టము ఎవరును ఊహింపని చోట ప్రారంభమైనది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు కప్ప చర్మపు రంగును తేల్చు పదార్థమొకటి పశువుల మెదడులోని పీనియల్ గ్రంథిలో ఉన్నదని తెలిసి, దానికై వెదకెను. వేలకొలది గ్రంథులనుండి 1958లో ఆ పదార్థమును వేరుచేసి మెలటోనిన్ అని పేరు పెట్టెను.

మెలటోనిన్ చీకటిలో హెచ్చుగా స్రవించును. వెలుతురు సోకగానే తగ్గును. రాత్రి ఎంత పొడుగైనదో శరీరమునకు తెలియజేయు సంకేతమిది. అనేక జంతువులు దీని ఆధారముననే ఋతువులను గుర్తించును. అయితే గదిలోని సాధారణ దీపముల వెలుగు మనుష్యులలో దీనిని అణచినట్లు ప్రయోగములలో కనబడకపోవుటచే, మనిషికి ఈ నియమము వర్తింపదని చాలమంది భావించిరి.

1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ, అతని సహచరులు ఈ అభిప్రాయమును మార్చిరి. 2,500 లక్సుల ప్రకాశము చూపినచో మనుష్యులలో కూడ మెలటోనిన్ తగ్గునని వారు నిరూపించిరి. లక్సు అనగా వెలుతురును కొలుచు ప్రమాణము. ఇంటిలో దీపముల వెలుతురు సాధారణముగా కొన్ని వందల లక్సులే. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల వరకు ఉండును. మన కంటికి ఆ భేదము అంతగా తోచదు గాని శరీరము దానిని గుర్తించును.

ఆ కాలముననే హెర్బర్ట్ కెర్న్ అను ఇంజనీరు తన మనస్సు ఋతువులతో పాటు ఎట్లు మారుచున్నదో ఏండ్ల తరబడి చిన్న పుస్తకములలో వ్రాసికొనుచుండెను. ఆ వ్రాతలను తీసికొని ఆయన అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులను చేరెను. 1980 చలికాలమున వారు ఆయనను తెల్లవారకముందు మూడు గంటలు, సాయంకాలము మూడు గంటలు ప్రకాశవంతమైన దీపముల ఎదుట కూర్చుండబెట్టిరి. కొన్ని దినములలోనే ఆయన కోలుకొనెను.

ఆ బృందమున నార్మన్ రోసెంతాల్ ఒకడు. ఆయన దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గునుండి 1976లో న్యూయార్కు వచ్చినవాడు. ఎండ పుష్కలముగా ఉన్న దేశమునుండి వచ్చుటచే ఉత్తరదేశపు చలికాలము తనలో కలిగించిన మార్పు ఆయనకు స్పష్టముగా తెలిసెను. 1984లో ఆయనయు సహచరులును 29 మంది రోగుల చరిత్రలను ప్రచురించి ఈ స్థితికి ఋతుసంబంధమైన మనోవ్యాధిగా పేరు పెట్టిరి. కొందరికి ప్రకాశవంతమైన వెలుతురును, మసక వెలుతురును వేర్వేరుగా చూపి పోల్చిరి. మేలు చేసినది మొదటిదే. కుక్ చేయలేకపోయిన పోలిక ఇదియే.

వెలుతురును శరీరమునకు తెలుపు కణములేవి? 1998లో ఇగ్నాషియో ప్రొవెన్సియో బృందము కప్ప చర్మములోనే మెలనాప్సిన్ అను కాంతిగ్రాహక పదార్థమును కనుగొనెను. 2002 నాటికి మన కంటి రెటీనాలో కూడ ఈ పదార్థముగల ప్రత్యేక కణములున్నవని తేలెను. ఇవి ముఖ్యముగా మెదడులోని కాలగడియారమునకు పగలు రాత్రుల వార్తను చేరవేయును.

ఉపాయములు - సందేహములు

చికిత్సగా సాధారణముగా 10,000 లక్సుల దీపమును ఉదయమున అరగంటసేపు వాడుదురు. 2006లో కెనడాలో 96 మందిపై జరిగిన పరిశోధనలో ఈ దీపమును, ఒక మనోవ్యాధి మందును ఇంచుమించు సమానముగా పనిచేసినవి. 2016లో కెల్లీ రోహన్ బృందము మరియొక సంగతి చూపెను. చలికాలమును గురించిన నిరాశాభావములను పరీక్షించి సరిదిద్దుకొనుట, ముడుచుకొని కూర్చొనక ఇష్టమైన పనులను కల్పించుకొనుట నేర్చినవారిలో, రెండవ చలికాలమునకు వ్యాధి తిరుగబెట్టినవారు నూటికి 27 మంది. దీపము వాడినవారిలో నూటికి 46 మంది. కన్నుజబ్బు ఉన్నవారును, ఉత్సాహము కూడ మితిమీరు మనోవ్యాధి కలవారును వైద్యుని అడుగక దీపమును వాడరాదు.

ఊరికి ఊరే వెలుతురు తెచ్చుకొన్న ఉదాహరణము కూడ కలదు. నార్వేలో కొండల మధ్యనున్న ర్యూకాన్ పట్టణమునకు సెప్టెంబరునుండి మార్చి వరకు ఎండ తగులదు. 1928లో ప్రజలు కొండపైకి పోయి ఎండ కాచుకొనుటకై తీగమార్గమును నిర్మించిరి. 2013లో కొండపై మూడు పెద్ద అద్దములను నిలిపి ఎండను ఊరి కూడలిలోనికి మళ్లించిరి.

అయినను అన్ని ప్రశ్నలును తీరలేదు. ఉత్తరముననున్న ఐస్‌లాండు ప్రజలలో ఈ వ్యాధి ఊహించినంతగా కనబడలేదు. కెనడాలో స్థిరపడిన వారి సంతతివారిలో కూడ తక్కువే. 2016లో అమెరికాలో 34,294 మంది సమాధానములను పరిశీలించినవారికి మనోవ్యాధికిని ఋతువులకును సంబంధము కానరాలేదు. జనసామాన్యములో అరుదైనది కొద్దిమందిలో తీవ్రముగా ఉండవచ్చునని పలువురి అభిప్రాయము. కొందరికి వేసవిలోనే మనస్సు క్రుంగునని 1987లో ప్రచురితమైన పరిశోధనలు తెలిపినవి. మండువేసవిని ఎరిగిన తెలుగువారికి ఇది గమనింపదగిన విషయము.

డెల్టావాసులకు

ఒకప్పుడు తణుకునకు సమీపమునగల భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టను చేరెను. అక్కడ డిసెంబరు పగలు తొమ్మిది గంటలు. ఆనాడు ఆ దారిన పోయినవారు అరుదు, నేడు అనేకులు. నవంబరు వచ్చి మనస్సు బరువెక్కినప్పుడు ఆ విద్యార్థి ఇంటిపై బెంగ అనుకొనును; తన చేతకానితనమనుకొని ఎవరికిని చెప్పడు. ఇంటివారు బద్ధకమని మందలింతురు. కారణము తెలిసినచో సగము భారము తగ్గును. ఉదయమే బయట నడచుట, కిటికీ దగ్గర కూర్చొని చదువుట, వేళకు నిద్రించుట, నలుగురితో కలియుట ఎవరైనను చేయదగిన పనులు. దిగులు రెండు వారములు వదలకున్నను, బ్రతుకుపై విరక్తి కలిగినను తప్పక వైద్యుని చూడవలెను. మన దేశమున 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 నంబరుపై పిలువవచ్చును.

ధనుర్మాసమున తెల్లవారకముందే లేచి వాకిట నిలుచు ఆచారము ఈ వ్యాధికై ఏర్పడినదని చెప్పుటకు ఆధారము లేదు. కాని అది మనుష్యులను ఉదయపు వెలుతురులోనికి, నలుగురి మధ్యకు తెచ్చుచున్నది. ఉత్తరదేశవాసి దీపమును కొని పొందుచున్నదానిలో కొంత తణుకువాసికి వాకిటనే దొరకుచున్నది.

పాఠశాలలో విద్యార్థులు ఒక పుస్తకమున ప్రతి వారము సూర్యోదయ సూర్యాస్తమయ కాలములను, ఆ ప్రక్కనే తమ నిద్రను, ఉత్సాహమును ఒక్కొక్క మాటలో వ్రాసికొనవచ్చును. కెర్న్ చేసినదియు ఇంతే. ఆ విద్యార్థులలో ఎవరైనను ముందుముందు దూరదేశమునకు పోయినచో, ఆ పుస్తకమును అక్కడ కొనసాగించి రెండు ఊళ్ల పట్టికలను పోల్చి చూచుకొనవచ్చును.