ఒక్క ఓటు తేడా

గచ్చిబౌలి యను పేరు గచ్చుతో గట్టిన బావినిబట్టి వచ్చినదని చెప్పుదురు. బావి మాట నేడెవరును తలపరు. ఊరిపేరు వినగానే అందఱికిని తోచునవి అద్దపుగోడల కార్యాలయములును, పెద్ద క్రీడాప్రాంగణమును. ఆ ప్రాంగణము ప్రక్క బాటను ప్రాతఃకాలమున నడచుట నాకు అలవాటు. ఒకనాడు పరుగుదీసి అలసి కూర్చున్న బాలునొకని, "బాబూ, ఈ మైదానమునకు పేరుపెట్టిన బాలయోగి గారెవరో యెఱుగుదువా?" అని యడిగితిని. "పూర్వమెప్పుడో గొప్ప పరుగుపందెగాడై యుండును, తాతగారూ" అని యతడు వినయముగా బదులు చెప్పెను. ఇంటికి వచ్చి మా కోడలి నడిగితిని. ఆమె పట్టభద్రురాలు; ఈ అద్దపుమేడలలో నొకదానియందే ఉద్యోగము చేయుచున్నది. "ప్రమాదములో పోయిన మంత్రిగారు కదా, మామయ్యగారూ" అనెను. నాకు నవ్వు వచ్చినది, నవ్వు వెంట విచారమును వచ్చినది.

జి. ఎం. సి. బాలయోగి గారు పరుగుపందెగాడు కారు. ప్రమాదము నాటికి మంత్రియు కారు. ఆయన లోక్‌సభకు స్పీకరు. 1999 ఏప్రిల్ 17వ తేదీన భారత ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయిన దినమున ఆ సభాపీఠము మీద నున్నవారాయన. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఆ దినమును తలచి, "చూచితిరా, ఒక్క ఓటునకెంత విలువయో" అని మనకు బోధించుట పరిపాటి యైనది. ఆ బోధ తప్పు గాదు. కాని యది కథలో చిన్నపాలు. ఆ ఓటు ఎవరిది, అది చెల్లునో చెల్లదో నిర్ణయింపవలసినవారెవరు, వారు వేఱొక విధముగా నిర్ణయించియున్న నేమి జరిగెడిది అను ప్రశ్నలయందే అసలు విషయమంతయు నున్నది.

1996 మొదలు రెండు సంవత్సరములలో మన దేశమునకు ముగ్గురు ప్రధానులైరి. వాజపేయి గారు పదుమూడు దినములలో దిగిపోయిరి. దేవెగౌడ గారును, గుజ్రాల్ గారును కాంగ్రెసువారి వెలుపలి మద్దతుతో కొంతకాలము నడిపి, ఆ మద్దతు తొలగగానే పడిపోయిరి. 1998లో మరల ఎన్నికలు జరిగెను. ప్రజలిచ్చిన తీర్పు ఎవరికి దోచినట్లు వారు చదువుకొనవలసిన తీర్పు. భారతీయ జనతాపక్షమునకు 182 స్థానములు వచ్చెను, కాంగ్రెసునకు 141. సభ్యులు 545 మందిగల సభలో ఈ సంఖ్యలతో నెవరును ఒంటరిగా నిలువజాలరు. అప్పుడు పండ్రెండు స్థానములు గెలిచిన తెలుగుదేశము వంకకు ఢిల్లీ చూపు మరలినది. ఆ పక్షనాయకులు చంద్రబాబు నాయుడు గారు అంతవఱకు ఆ రెండు పెద్దపక్షములకును దూరముగా నిలిచిన ఐక్యసంఘటనకు సమన్వయకర్త. ఎన్నికలు ముగియగానే ఆయన వాజపేయి గారికి మద్దతిచ్చిరి. మిత్రులు దీనిని ద్రోహమనిరి, అనుయాయులు రాష్ట్రహితమనిరి. నాకు జూడ నా రెండు మాటలును కొంతకొంత నిజమే. మంత్రిపదవులు మాత్రము తెలుగుదేశము తీసికొనలేదు. స్పీకరు పీఠము దానికి వచ్చెను. 1998 మార్చి 24న బాలయోగి గారు ఎన్నుకొనబడిరి. నాలుగు దినములకు వాజపేయి గారు 274 ఓట్లకు 261తో సభావిశ్వాసము పొందిరి.

బాలయోగి గారిది కోనసీమలోని ఎదుర్లంక. దళితకుటుంబమున బుట్టి, న్యాయవాదియై, తూర్పుగోదావరి జిల్లాపరిషత్తునకు అధ్యక్షుడై, 1991లో అమలాపురము నుండి లోక్‌సభకు పోయిరి. 1996లో ఓడిపోయి, 1998లో మరల గెలిచిరి. స్పీకరు పీఠమెక్కిన దళితులలో ఆయనయే ప్రథముడు. అస్పృశ్యులను దేవాలయములోనికి రానీయవలయునా యని మన పూర్వులు పత్రికలలో వాదించుకొన్న కాలము మఱీ పురాతనమైనది గాదు. ఆ వాదములు చదివి పెరిగిన మావంటివారికి ఆనాటి వార్త చిన్నది గాదు. అయితే ఆ పీఠమెంత యెత్తైనదో అంత ఇఱుకైనది కూడ.

అదే సంవత్సరము నవంబరు 22న వాజపేయి గారు మా గచ్చిబౌలికి ప్రక్కనేయున్న మాదాపురమునకు వచ్చి సైబర్ టవర్స్ అను భవనమునకు ప్రారంభోత్సవము చేసిరి. అప్పటికి దానిచుట్టును బండలును పొదలును తప్ప వేఱొకటి లేదు. ఆ వచ్చిన ప్రధాని పదవి పండ్రెండుగురు తెలుగువారి చేతులెత్తుటపై నిలిచియున్నదని అప్పుడక్కడ చప్పట్లు కొట్టినవారెందఱు తలచిరో! ఐదు మాసములు గడువకముందే ఆ ప్రభుత్వము పడిపోయెను. పడగొట్టినవారు తెలుగువారు గారు.

ఢిల్లీకి పోవుటకు ముందు చదువరులను ఒకసారి చెన్నపట్టణమునకును కర్నూలునకును గొనిపోవలసియున్నది; ఏలయన ఒక్క ఓటుతో ప్రభుత్వము పడుట తెలుగువారికి క్రొత్త గాదు.

1952లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కెను. కమ్యూనిస్టులు 62, టంగుటూరి ప్రకాశము పంతులు గారి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షము 35 గెలుచుకొనెను. ప్రతిపక్షములు కూడి పంతులుగారి నాయకత్వమున ఐక్య ప్రజాస్వామ్య సంఘటన నేర్పఱచి, తమకు 166 మంది బలము కలదని గవర్నరు శ్రీప్రకాశ గారికి తెలిపిరి. గవర్నరు గారు ఆ లెక్కను సభలో తూచి చూడలేదు. ఎన్నికలలో నిలువనేలేని చక్రవర్తుల రాజగోపాలాచార్యుల వారిని ఎగువసభకు నామినేటు చేసి, ముఖ్యమంత్రిగా రమ్మని పిలిచిరి. ఈ నామినేషను చెల్లదని కమ్యూనిస్టు నాయకులు రామమూర్తి గారు హైకోర్టునకు పోయిరి, ఫలము లేకపోయెను. తరువాత చిన్నపక్షముల వారును, స్వతంత్రులును అధికారమున్న వైపునకు చేరిరి. జూలై 3న సభలో ఓట్లు లెక్కింపగా రాజాజీకి 200, ఎదురుగా 151 వచ్చెను. లెక్క సరిపోయినదని కొందఱు సంతోషించిరి. కాని ఆ లెక్క గవర్నరు గారు పిలిచిన తరువాత నిండిన లెక్క. పిలుపు మొదట పంతులుగారికి వచ్చియుండినచో ఆ ఊగులాడువారు ఎటు ఊగెడివారో ఊహించుట కష్టము గాదు.

ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా నవతరించెను. కాంగ్రెసు మద్దతు లేనిదే మంత్రివర్గము నిలువదు. కాంగ్రెసుతో జన్మమంతయు కలిసి, విడిపోయి, పోరాడిన పంతులుగారు ఆ కాంగ్రెసులోనికే మరల వచ్చి ముఖ్యమంత్రియైరి. నీలం సంజీవరెడ్డి గారు ఆయనకు ఉపముఖ్యమంత్రి. ఈ ప్రభుత్వము పడిపోయినది మన సంఘసంస్కర్తలకెంతో ప్రీతిపాత్రమైన మద్యనిషేధము మీద! నిషేధము చట్టములో నున్నది. ఊళ్లలో దొంగసారా కాగుచున్నది. కల్లుగీతవారికి మాత్రము కూడు పోయినది. రామమూర్తి సంఘము (ఈ రామమూర్తి గారు వేఱు) విచారించి నిషేధము విఫలమైనదని తేల్చినను ప్రభుత్వమందుకు సమ్మతింపలేదు. గీతవారి పక్షమున గౌతు లచ్చన్న గారు పోరాడిరి. 1954 నవంబరు 6న అవిశ్వాసము 69 ఓట్లకు 68తో నెగ్గెను. ఎనుబదిరెండేండ్ల పంతులుగారు గద్దె దిగిరి. రాష్ట్రపతి పాలన వచ్చెను. మద్యనిషేధమును మేలనుకొను నావంటివాడును ఇక్కడొక మాట ఒప్పుకొనవలసియున్నది: ఆ ఒక్క ఓటు సారా వ్యాపారులది గాదు, బ్రతుకుతెరువు పోయిన కుటుంబముల మొఱ దాని వెనుక నున్నది.

రెండు సంవత్సరముల వ్యవధిలో ఒకే వృద్ధునికి రెండు విధముల తీర్పు జరిగెను. చెన్నపట్టణమున గవర్నరు గారి గదిలో, కర్నూలున సభామధ్యమున. రెండవది కఠినమైనను పంతులుగారు దానికి తలయొగ్గిరి. మొదటిదానిపై వివాదము నేటికిని చావలేదు. 1984 ఆగస్టు 16న హైదరాబాదులో నందమూరి తారక రామారావు గారిని గవర్నరు రాంలాల్ గారు తొలగించినప్పుడు ఆ గాయమే మరల రేగినది. ఒక్క మాసమునకు, సెప్టెంబరు 16న, రామారావు గారు తిరిగి ముఖ్యమంత్రియైరి. ఆ కథ అందఱెఱిగినదే గనుక ఇక్కడ విస్తరింపను.

ఇక ఢిల్లీ మాట. 1999 ఏప్రిల్ 14న జయలలిత గారి అన్నా ద్రావిడ పక్షము వాజపేయి ప్రభుత్వమునకు మద్దతు తీసివేసెను. రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారు సభావిశ్వాసము పొందుమని ప్రధానికి చెప్పిరి. రాజభవన వివాదము లిక్కడ లేవు. రాష్ట్రపతి గారు తక్కెడను సభకే అప్పగించిరి. తటస్థముగా నుందురని తలంచిన బహుజన సమాజపక్షము వారు చివరి గడియలో ఎదురుగా ఓటు వేసిరి. నేషనల్ కాన్ఫరెన్సు సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ గారు తమ పక్షమాజ్ఞను కాదని ఎదురు వేసిరి. అన్నిటికంటె వింతయైన ఓటు గిరిధర్ గమాంగ్ గారిది. ఆయన కోరాపుట్ నుండి లోక్‌సభ సభ్యుడు. కాని ఫిబ్రవరిలోనే ఒడిసా ముఖ్యమంత్రియైరి. లోక్‌సభ సభ్యత్వమునకు ఇంకను రాజీనామా ఇయ్యలేదు. ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రి దేశప్రభుత్వ భవిష్యత్తును నిర్ణయించు ఓటు వేయవచ్చునా యని అధికారపక్షము వారు గోలపెట్టిరి.

చట్టమేమి చెప్పుచున్నది? పార్లమెంటునందును, రాష్ట్ర శాసనసభయందును ఒకేసారి సభ్యుడుగా నుండరాదని రాజ్యాంగపు 101వ అధికరణము. గమాంగ్ గారు అప్పటికి ఒడిసా సభలో సభ్యుడే గారు. సభ్యుడుగాని మంత్రి ఆఱు మాసములలో సభ్యత్వము పొందవచ్చునని 164వ అధికరణము. కావున ఆయన లోక్‌సభ సభ్యత్వము చెక్కుచెదరలేదు. మర్యాద మాట వేఱు.

బాలయోగి గారు ఆ విషయమును గమాంగ్ గారి మనస్సాక్షికి విడిచితిననిరి. మనస్సాక్షి ఓటు వేయుమనెను. ప్రభుత్వమునకు 269, ఎదురుగా 270.

ఇక్కడ చదువరులు ఒక చిన్న లెక్క వేయవలయును. గమాంగ్ గారిని ఆపియున్నచో సంఖ్య 269కి 269 అయ్యెడిది. రాజ్యాంగపు 100వ అధికరణము ప్రకారము స్పీకరు మొదట ఓటు వేయరాదు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రము తీర్పు ఓటు ఆయనదే. అనగా ఆ ఒక్కని నాపియున్నచో దేశప్రభుత్వ మంతయు బాలయోగి గారి నాలుకపై నిలిచెడిది. వారి పక్షమో ప్రభుత్వమువైపు నున్నది. ఆ పీఠమును తీసికొన్నందుకే తెలుగుదేశమునకు సభలో ఒక ఓటు తక్కువయ్యెను. ఇంత అవకాశము చేతిలోనుండగా ఆయన వినియోగింపలేదు. ఒక తెలుగువాడు పక్షమునకంటె పీఠమును పెద్దగా నెంచిన సందర్భముగా దీనిని నేను గౌరవింతును.

అయినను ఒక కొఱత చెప్పకుండలేను. మనస్సాక్షికి విడుచుట తీర్పు గాదు. 1985లో వచ్చిన ఫిరాయింపు నిరోధక చట్టము తరువాత సభ్యుని మనస్సాక్షి పక్షపు విప్పునకు కట్టుబడియున్నది. దానిని మీఱినచో సభ్యత్వమే పోవచ్చును. కట్టివేసిన చేతులవానిని "నీ యిష్టము వచ్చినట్లు చేయుము" అనుటలో న్యాయమేమి? "ఇతడు సభ్యుడు, ఇతని ఓటు చెల్లును, మర్యాద సంగతి ప్రజలు చూచుకొందురు" అని స్పీకరుగారు తామే పలికియుండిన, ఆ భారము వహింపవలసినవారే వహించినట్లయ్యెడిది. నిందయు వారికే వచ్చెడిది, నిజమే. మా కోడలితో ఈ మాట అన్నప్పుడు, "మామయ్యగారూ, ఏ విధముగా జేసినను ఆయననే అనెడివారు కదా, కూటమి ప్రభుత్వములో మధ్యవారి బ్రతుకది" అనెను. ఆమె ఉద్యోగములో నేర్చిన మాటయై యుండును. కాదనుటకు నాకు వెంటనే మాట తోపలేదు.

కాంగ్రెసువారు ప్రత్యామ్నాయ ప్రభుత్వ మేర్పఱుపలేకపోయిరి. ఏప్రిల్ 26న సభ రద్దయ్యెను. పడిపోయిన మంత్రివర్గమే తాత్కాలికముగా నుండి కార్గిల్ యుద్ధము నడిపెను. ఆ శరత్కాలమున జరిగిన ఎన్నికలలో తెలుగుదేశము 29 స్థానములు గెలిచి మరల వెలుపలినుండియే మద్దతిచ్చెను. అక్టోబరు 22న బాలయోగి గారు రెండవసారి స్పీకరైరి. 2024లో మరల ఏ పక్షమునకును సొంతబలము రాక తెలుగుదేశపు 16 స్థానములకు విలువ పెరిగినప్పుడు ఆ పక్షము ఈసారి మంత్రివర్గములోనే చేరినది. పీఠము మాత్రము భాజపా చేతిలోనే యుండెను. 1999ని జ్ఞాపకముంచుకొన్నవారు ఢిల్లీలో నున్నారన్నమాట.

2002 మార్చి 3న కృష్ణాజిల్లా కైకలూరు దగ్గఱ హెలికాప్టరు కూలి బాలయోగి గారు మరణించిరి. వయస్సు ఏబది. ఆ సంవత్సరాంతమున హైదరాబాదున జాతీయక్రీడలు జరిగెను. మఱుసటి యేడు ఆఫ్రో-ఆసియా క్రీడలు వచ్చెను. గచ్చిబౌలి ప్రాంగణమునకు ఆయన పేరు నిలిచినది.

నిన్న ఉదయము ఆ బాలుడు మరల కనబడెను. 269, 270 అను అంకెలు చెప్పి, కథయంతయు క్లుప్తముగా వినిపించితిని. శ్రద్ధగా విని, "మఱి స్పీకరుగారు ఎవరికి ఓటు వేసిరి, తాతగారూ?" అని యడిగెను. వేయలేదని చెప్పితిని. అతడు కొంచెముసేపు ప్రాంగణము వైపు చూచి, బూట్ల త్రాళ్లు బిగించుకొని మరల పరుగునకు లేచెను.